అరవై నాలుగో అక్షరం దగ్గర తెగిన డొమైన్

అమలాపురంలో ఓ కొబ్బరి వ్యాపారి మెయిల్ సర్వర్ పని ఇవాళ్టికి తెమిలింది. కొత్త తెలుగు డొమైన్‌కి వచ్చే ప్రతి ఉత్తరానికీ పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్) 'రిలే యాక్సెస్ డినైడ్', అంటే ఈ డొమైన్ నాది కాదు, తీసుకోను అంటూ వచ్చింది. డొమైన్ పేరుకి దారి చూపే డీఎన్ఎస్‌లో తప్పేం లేదండి. పోస్ట్‌ఫిక్స్ తన డొమైన్ల జాబితా చూసుకునే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ టేబుల్లో డొమైన్ కాలమ్ వార్‌క్యార్ 64, అంటే 64 అక్షరాలే పడతాయి. తెలుగు పేరు ప్యూనీకోడ్‌లోకి (డీఎన్ఎస్ కోసం ఇంగ్లీషు అక్షరాలు, అంకెల్లో రాసే రూపం) మారితే బారెడవుతుంది. చివరి 'భారత్' ఒక్కటే 13 అక్షరాలు. పట్టని డేటాని ఎర్రర్ ఇచ్చి ఆపే స్ట్రిక్ట్ మోడ్ ఆపేసి ఉండటంతో 64 దాటిన తోక చప్పుడు లేకుండా తెగిపోయింది. ఇలాంటి మౌనమే అసలు ప్రమాదం.

చుక్కల మధ్య ముక్కకి 63, మొత్తం పేరుకి 255 బైట్లు హద్దు. కాబట్టి ముందు బ్యాకప్, తర్వాత కాలమ్ 255కి. అక్షరానికి 4 బైట్ల దాకా పట్టే యూటీఎఫ్8ఎంబీ4లో ఉంచితే ఇండెక్స్‌కి (వెతుకులాటకి వాడే సూచిక) 1020 బైట్లు కావాలి, మైఎస్‌క్యూఎల్ డేటా దాచే పాత ఇన్నోడీబీ 767 దగ్గరే ఆపేసి 1071 ఎర్రర్ (కీ మరీ పొడుగు) ఇస్తుంది. ప్యూనీకోడ్ అంతా అక్షరానికి ఒక్క బైటే పట్టే ఆస్కీయే కదా, ఆ కాలమ్‌ని ఆస్కీ చేసేస్తే చాలు.

కాలమ్ పెంచినంత మాత్రాన తెగిన తోక తిరిగి రాదు. ఆ వరసలు మళ్ళీ ఎక్కించాలి. అలియాస్ (మారు చిరునామాలు), మెయిల్‌బాక్స్ టేబుళ్ళలోనూ ఇలాగే తెగాయేమో చూడండి, సగం మంది మర్చిపోయేది అక్కడే. స్ట్రిక్ట్ మోడ్ వేసి, పోస్ట్‌ఫిక్స్ టేబుల్‌ని అడిగి చూసే పోస్ట్‌మ్యాప్ కమాండ్‌తో పూర్తి పేరు అడిగి చూస్తే జవాబొచ్చింది.