మూడో సొరంగం

అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని మ్యాడిసన్‌లో ఆరేళ్లుగా ఉంటున్నా, ఎల్రాయ్–స్పార్టా బాట మీద సైకిలు తొక్కడం మొన్న సెప్టెంబరులోనే కుదిరింది. నేనూ మా ఆవిడా చీకటితోనే సైకిళ్లు కారుకు కట్టుకుని బయలుదేరాం. పొద్దున్నే ఎల్రాయ్‌లో మొదలుపెట్టి, రాత్రికి స్పార్టాలో ఆగి, మర్నాడు వెనక్కి రావాలని అనుకున్నాం. ఒకవైపే 32 మైళ్లు.

ఇది ఒకప్పటి రైలు మార్గం. చికాగో అండ్ నార్త్ వెస్టర్న్ కంపెనీ రైళ్లు నడిచిన దారి. 1964లో కంపెనీ దీన్ని వదిలేస్తే విస్కాన్సిన్ ప్రభుత్వం కొని, 1967లో సైకిళ్లకు తెరిచింది. అమెరికాలో పాత రైలు దారిని ఇలా జనానికి బాటగా ఇవ్వడంలో ఇదే మొదటిదని పేరు. ఎంత మంచి పని చేశారో తొక్కితే తెలుస్తుంది. హిమయుగపు మంచు పలకలు ఈ మూలను తాకలేదు కాబట్టి చుట్టూ కొండలూ లోయలే. అయినా రైలు కోసం వేసిన కట్ట కనుక ఎక్కడా నిటారు ఎక్కుడు లేదు. నలగ్గొట్టి పరిచిన సున్నపురాయి చక్రాల కింద కరకరలాడుతుంటే, పండిన మొక్కజొన్న చేల పక్కనే సాగిపోయాం. కెండాల్‌లో పాత స్టేషను చూసుకుని, విల్టన్, నార్వాక్ దాటాం. దారిలో రెండు సొరంగాలు వచ్చాయి. ఒక్కోటీ పావు మైలు పైచిలుకు.

నార్వాక్ తర్వాతది మూడోది, 3,810 అడుగులు. 1873లో తొలిచారు. ముఖద్వారానికి పెద్ద పెద్ద చెక్క తలుపులున్నాయి. చలికాలంలో లోపల నీరు గడ్డకట్టి రాయి పగలకుండా వాటిని మూసి ఉంచేవారట. రైలు వచ్చే ముందు కాపలాదారు తీసి, అది దాటగానే మళ్లీ మూయాలి. గడ్డకట్టే చలిలో, అర్ధరాత్రి కూడా. ఆ తలుపు మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడ్డాను.

లోపల సైకిలు నడిపించుకుంటూ వెళ్లాలి. నాలుగు అడుగులు వేయగానే చల్లగాలి మొహానికి కొట్టింది. పైనుంచి నీటి చుక్కలు మెడ మీద పడుతున్నాయి. పక్క కాలువలో నీళ్లు పారుతున్న చప్పుడు.

“ఏమండీ, కాస్త నెమ్మది. కింద తడిగా ఉంది.”

సగం దూరం వెళ్లాక దీపం ఆర్పి చూశాం. నా చెయ్యి నాకు కనిపించలేదు. చిన్నప్పుడు అరకు రైల్లో సొరంగం వచ్చినప్పుడల్లా కిటికీ దగ్గర కేకలు పెట్టేవాళ్లం. ఇక్కడ ఇద్దరికీ మాట రాలేదు. నీళ్ల చప్పుడు ఒక్కటే.

బయటికి రాగానే వెచ్చని గాలికి నా కళ్లద్దాలు పూర్తిగా మసకబారాయి. మా ఆవిడ తన చున్నీ అంచుతో తుడిచి ఇచ్చింది.

మర్నాడు తిరుగు ప్రయాణంలో దీపం తనే అడిగి తీసుకుని, ముందు నడిచింది.