ఏజెంట్ ఎవరి తరఫు మనిషో అడిగాకే మా ఇల్లు దొరికింది

ఇల్లు కొనడానికి తిరగడం మొదలుపెట్టిన రోజే నేనొక పొరపాటు చేశాను. ఏజెంట్ అడగ్గానే, మేము ఎంతవరకు పెట్టగలమో ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆ తర్వాత అతను చూపించిన ప్రతి ఇల్లూ ఆ అంకె దగ్గరే ఉండేది. బేరమాడదామంటే "ఓనర్ తగ్గరు మేడమ్, ఇంకో పార్టీ రేపే అడ్వాన్స్ ఇస్తామంటున్నారు" అనేవాడు. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టేది కాదు.

అతను ఓనర్ దగ్గర కూడా కమిషన్ తీసుకుంటున్నాడని రెండు నెలలకు గానీ తెలియలేదు. తీసుకుంటే తీసుకోనీ, ముందు చెప్పాలి కదా. ధర పెరిగితే కమిషన్ పెరిగే మనిషినే ధర తగ్గించమని బతిమాలుతున్నామని అప్పుడు అర్థమైంది.

రెండో ఏజెంట్‌ను మొదట అడిగినవి మూడే. మీరు ఎవరి తరఫున పనిచేస్తారు, కమిషన్ ఎంత, ఎప్పుడివ్వాలి? ఆవిడ ఏమీ అనుకోకుండా కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చారు. బడ్జెట్ మాత్రం ఈసారి తగ్గించి చెప్పాను. రిజిస్ట్రేషన్, లాయర్ ఫీజు, రిపేర్లు అన్నీ ఆ మిగిలిన డబ్బులోంచే రావాలి.

ఆవిడ చూపించిన నాలుగో ఇల్లు మా ఆయనకు తెగ నచ్చేసింది. అయితే పడకగదిలో ఒక్క గోడకే కొత్త పెయింట్ ఉంది, మిగతా మూడూ పాతవే. ఆవిడ ఆ గోడకు కాసేపు అరచెయ్యి ఆనించి చూసి, "వాన పడ్డాక మళ్లీ వద్దాం మేడమ్" అన్నారు. వారం తర్వాత వెళ్తే పెయింట్ పొంగి, పైనుంచి తడి మరక దిగుతోంది. కమిషన్ పోతుందని తెలిసి కూడా "ఇది వద్దు" అన్నారు. ఆ రోజుతో ఆవిడ మీద నాకు గురి కుదిరింది.

చివరికి కొన్న ఇంటిని పగలు, రాత్రి, వాన వెలిశాక మూడుసార్లు చూశాం. రెండు కుళాయిలు ఒకేసారి తిప్పి నీళ్లు ఎలా వస్తాయో చూశాం. గదులను లోపల టేపుతో కొలిస్తే, చెప్పిన విస్తీర్ణం కంటే బాగా తక్కువొచ్చింది. గోడల మందం, మెట్లలో వాటా కూడా కలిపి చెప్పారన్నమాట. ధరను లోపలి కొలతతో లెక్కేసుకున్నాకే మిగతా ఇళ్లతో పోల్చగలిగాం.

అసలు టెన్షన్ కాగితాల దగ్గర మొదలైంది. ఓనర్ లోన్ ఎప్పుడో కట్టేశారు, రసీదులు కూడా చూపించారు. కానీ రికార్డుల్లో తనఖా ఇంకా అలాగే ఉందని మా లాయర్ గారు పట్టుకున్నారు. అప్పు తీరడం వేరు, తనఖా రద్దయిందని రికార్డుకెక్కడం వేరు. అది తేలందే మా బ్యాంకు లోన్ ఇవ్వనంది. అప్పటికే అడ్వాన్స్ ఇచ్చేశాం! కాగితాల్లో చిక్కు ఉన్నా, లోన్ రాకపోయినా అడ్వాన్స్ మొత్తం వెనక్కివ్వాలని అగ్రిమెంట్లో ఒక వాక్యం ఉంది. అది రాయించింది లాయర్ గారు, ఓనర్‌ను ఒప్పించింది ఏజెంట్. ఆ వాక్యం లేకపోతే, తనఖా సంగతి తేలడానికి పట్టిన ఐదు వారాలు ఎలా గడిచేవో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడే.

ఈలోగా బ్యాంకు వాళ్లు ఇంటికి కట్టిన విలువ మేం ఒప్పుకున్న ధర కంటే తక్కువొచ్చింది. లోన్ ఆ విలువను బట్టే ఇస్తామన్నారు. ఆ కాగితం పెట్టి ఏజెంట్ మళ్లీ మాట్లాడితే ఓనర్ తేడాలో సగం తగ్గించారు. మిగతా సగం మేమే సర్దుకున్నాం.

రిజిస్ట్రేషన్‌కు ముందు రోజు సాయంత్రం "ఇంకోసారి ఇల్లు చూసొద్దాం" అన్నారావిడ. వెళ్లి చూస్తే, ఉంచుతామని రాసిచ్చిన ఫ్యాన్లలో రెండు లేవు. ఆవిడ హాల్లో నిలబడే ఓనర్‌కు ఫోన్ చేశారు. పొద్దున్నే ఫ్యాన్లు బిగించి ఉన్నాయి. అవి చూసుకుని సంతకాలకు బయలుదేరాం.