కంప్రెసర్‌కి పికప్పు

"కొండైనా లాగేస్తదండీ, మీరేటీ ఆలోచించకండి" అంటున్నాడు షోరూం కుర్రోడు. మా బావ అప్పటికే స్టీరింగు ముందు కూర్చుని అద్దంలో మీసం సవరించుకుంటున్నాడు.

కుర్రోడిచ్చిన కాగితంలో పేలోడ్ ఒక్కటే ఉంది. అది బండి తనమీద మోసే బరువు. మాకు కావాల్సింది వెనక తగిలించి లాగే బరువు. బావది గాలి కొట్టే చక్రాల కంప్రెసర్, రెండు టన్నులకి తక్కువుండదు. అందులో ఇంచుమించు పదో వంతు హుక్కు మీదే పడుతుంది, పైగా ఆ బరువు పేలోడ్ లెక్కలోంచే పోతుంది.

టార్క్ (ఇంజను తిప్పే బలం) లెక్కలు మాత్రం బావకి కంఠతా వచ్చు. టయోటా హైలక్స్ పికప్పు ఆటోమేటిక్‌కి 500 న్యూటన్ మీటర్లు, ఇసుజు వీ-క్రాస్ పికప్పుకి 360. మనసు మొదటిదాని మీద, జేబు రెండోదాని మీద.

నా భయం ఎక్కడం గురించి కాదు. సాలూరు ఘాట్ దిగేటప్పుడు ఆ రెండు టన్నులూ వెనకనుంచి తోసుకొస్తాయి. ట్రైలర్‌కి సొంత బ్రేకులుండాలి, మలుపు రాకముందే చిన్న గేరులోకి రావాలి. (మా బావ న్యూట్రల్‌లో దిగే రకం. డీజిల్ మిగుల్తాదట!)

లాగుడు బరువు రాసున్న కాగితం ఇమ్మంటే కుర్రోడు మేనేజర్ కోసం లోపలికెళ్ళాడు.

"ఒరే, ఎర్ర రంగుందేటో కూడా అడగరా" అన్నాడు బావ.