ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి

సెకండ్ హ్యాండ్ బైక్ చూడ్డానికి వెళ్తే, అమ్మేవాడు "సింగిల్ ఓనర్ అన్నా, షోరూం కండిషన్" అంటున్నాడు. చెయ్యి పెడితే ఇంజన్ అప్పటికే వెచ్చగా ఉంది.

అక్కడే అనుమానం. ముందే వేడెక్కించి పెడితే పొద్దున్నే స్టార్ట్ అవ్వని రోగం, ఇంజన్ లోపలి టైమింగ్ చైన్ గలగల, మొదట్లో వచ్చే నీలిపొగ ఏదీ బయటపడదు. నీలిపొగంటే వాల్వ్ సీళ్లో, పిస్టన్ రింగులో అరిగి ఆయిల్ మండుతున్నట్టు.

హైదరాబాద్‌లో ఇంకో తలనొప్పి, సెల్లార్‌లో వాన నీళ్లలో మునిగిన బండ్లు. ఆయిల్ క్యాప్ తీయండి. ఆయిల్ పాలటీ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే. సీటు కింద వైరింగ్ కనెక్టర్లకి పచ్చటి చిలుము ఉన్నా వద్దనేయండి. కడిగి పాలిష్ కొట్టడం ఎవరికైనా వచ్చు, వైరింగ్ మార్చడానికి ఎవరూ డబ్బు పెట్టరు.

ఆర్‌సీలో ఫైనాన్స్ (లోను) ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ (అప్పు తీరిందన్న పత్రం), ఆ లోను పేరు తీయించే ఫారం 35 తీసుకోండి. ట్రాన్స్‌ఫర్‌కి ఫారం 29, 30. చలాన్లు బండి నంబర్ కొట్టి చూడండి, మనూళ్లో చలాన్ లేని బండి అరుదు!

కొత్తదానికి లైఫ్ ట్యాక్స్, ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కలిసి ఆన్‌రోడ్ ధర బరువే. కానీ పాతదానికి చైన్ స్ప్రాకెట్ సెట్, టైర్లు, బ్యాటరీ, ఫోర్క్ సీళ్లు (ముందు షాకర్ల ఆయిల్ సీళ్లు) లెక్కేశాక తేడా 20 వేల లోపే ఉంటే, నా ఓటు కొత్తదానికే.