మీ గల్లీలోనే బస్తీ దవాఖానా ఉందేమో చూడండి

ఆరోగ్యశ్రీ కార్డు ఉందిగా, ఇంక టెన్షన్ ఎందుకు అనేవాళ్లు చాలామంది కనిపిస్తారు. 2007లో మొదలైన ఆ పథకం గుండె ఆపరేషన్లకు, క్యాన్సర్ వైద్యానికి ఎందరినో ఆదుకుంది, కాదనను. కానీ అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పుడు పనికొచ్చేది. నెలనెలా వేసుకోవాల్సిన బీపీ గోలీలకు, షుగర్ టెస్టులకు అక్కరకు రాదు. ఇళ్లలో పనిచేసేవాళ్లు, అడ్డా కూలీలు, ఆటో నడిపేవాళ్లు నలిగిపోయేది ఈ చిన్న చిన్న ఖర్చుల దగ్గరే.

మా ఇంట్లో పనిచేసే అక్క మెడికల్ షాపుకెళ్లి స్ట్రిప్పులోంచి ఐదు గోలీలు కత్తిరించి ఇమ్మని అడిగేది. అవి అయిపోతే మళ్లీ చేతిలో డబ్బులు ఆడేదాకా మందు లేదు. తలనొప్పి ఎక్కువైతే ప్రైవేటు క్లినిక్‌కి పోవడం, ఫీజు కట్టడం, రాసిచ్చిన వాటిలో సగమే కొనడం. ఆమె ఉండే బస్తీలోనే, కమ్యూనిటీ హాలు పక్కన బస్తీ దవాఖానా, అంటే సర్కారు వారి చిన్న క్లినిక్ ఉంది. బోర్డు ముందు ఏదో ఫ్లెక్సీ కట్టేశారు, అందుకే ఎవరికీ కనపడదు.

హైదరాబాద్‌లో ఈ దవాఖానాలు 2018 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. ఐదు వేల నుంచి పదివేల జనాభాకు ఒకటి ఉండాలన్నది లెక్క. ఒక డాక్టర్, ఒక నర్సు, ఒక సహాయకురాలు, అంతే. చూడటం ఉచితం, మందులూ ఉచితం. రక్తం శాంపిల్ అక్కడే తీసుకుని తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ల్యాబుకు పంపుతారు, రిపోర్టు ఫోన్‌కి మెసేజ్‌గా వస్తుంది. అందుకే పనిచేసే నంబరు ఇవ్వండి, పిల్లల నంబరైనా సరే. పరగడుపు షుగర్ చూపించుకోవాలంటే ఏమీ తినకుండా పొద్దున్నే వెళ్లాలి.

అక్కతో పాటు నేనూ వెళ్లాను. నర్సు బీపీ చూసి, ఎక్కువ రావడంతో, "నడిచొచ్చావు కదమ్మా, కాసేపు కూర్చో" అని కాసేపాగి మళ్లీ చూసింది. డాక్టరమ్మ నెలకు సరిపడా గోలీలు ఇప్పించి, తగ్గిందని మధ్యలో ఆపొద్దని రెండుసార్లు చెప్పింది. ఆ మాట అంత నింపాదిగా అక్కకు ఎవరూ చెప్పలేదట!

అన్నిసార్లూ అన్ని మందులూ దొరుకుతాయని అనుకోవద్దు. లేవంటే ఊరికే తిరిగి రాకుండా మందు పేరు చీటీ మీద రాయించుకుని జన ఔషధి దుకాణానికి వెళ్లండి, బ్రాండు మందుల కన్నా చాలా తక్కువకు వస్తాయి. దవాఖానా ఎక్కడుందో తెలియకపోతే మీ బస్తీ ఆశా వర్కర్‌ని అడగండి, ఆమెకు తెలియని గల్లీ ఉండదు. పల్లెల్లో అయితే ఉపకేంద్రం, పీహెచ్‌సీ ఎక్కడన్నదీ ఆమే చెబుతుంది. కళ్ల సమస్యకు మాత్రం ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి గుర్తుపెట్టుకోండి, 1987 నుంచీ అక్కడ డబ్బు కట్టలేనివాళ్లకు ఉచితంగా వైద్యం చేస్తున్నారు.

ఇంకొక్క మాట. ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, ఆయాసం లాంటివి వస్తే బస్తీ దవాఖానా తెరిచే దాకా ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.