గండి ఆంజనేయస్వామి చిటికెన వేలు, సుగ్రీవుడి నాలుగు నెలలు

పనులు వాయిదా వేసే అలవాటు గురించి చెప్పాలంటే నేను గండి నుంచే మొదలుపెట్టాలి. శ్రావణ మాసం వచ్చిందంటే కడప జిల్లాలో శనివారాలన్నీ గండివే. వేంపల్లె మీదుగా పోయే బస్సులు, ఆటోలు, ట్రాక్టర్లు అన్నీ అటే పోతుంటాయి. పాపాఘ్ని నది కొండను చీల్చుకుని బయటికొచ్చే చోట, ఏటి ఒడ్డున వీరాంజనేయస్వామి గుడి ఉంది. దాని స్థలపురాణం మా వైపు చిన్నపిల్లలు కూడా చెప్తారు. సీతమ్మను వెతుక్కుంటూ రాముడు దక్షిణానికి పోతున్నప్పుడు ఇక్కడ తపస్సులో ఉన్న వాయుదేవుడు తన దగ్గర ఆగమని అడిగాడట. తిరుగు ప్రయాణంలో వస్తానని రాముడు మాటిచ్చాడు. మాట ప్రకారం వచ్చినప్పుడు వాయుదేవుడు రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టి స్వాగతం చెప్పాడు. ఆ విడిదిలోనే రాముడు బాణం మొనతో బండ మీద ఆంజనేయుడి రూపం గీశాడు. అంతా అయింది గానీ ఎడమచేతి చిటికెన వేలు మిగిలిపోయింది.

తర్వాతెప్పుడో విజయనగర రాజుల కాలపు మధ్వగురువు వ్యాసరాయలవారు వచ్చి ఆ గీతల వెంట శిల్పం చెక్కించారని, మిగిలిన ఆ వేలు కూడా పూర్తి చేద్దామని ఉలి ఆనిస్తే రక్తం వచ్చిందని, అంతటితో ఆపేశారని చెప్తారు.

వాల్మీకి రామాయణంలో ఈ కథ లేదు. అక్కడ రాముడు పుష్పకంలో తిరిగి పోతాడు. అయినా ఈ స్థలపురాణం నాకు చాలా ఇష్టం, అదీ ఆ వేలి కోసమే. అంత చిన్న వేలు గీయడానికి ఎంతసేపు పడుతుంది? బాణం మొన ఇంకో రెండుసార్లు కదిలితే చాలు. ఎందుకు వదిలేశాడో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్తారు. నాకు మాత్రం భరతుడు గుర్తొస్తాడు. పాదుకలు తీసుకుని వెనక్కి పోయేముందు అయోధ్యకాండలో ఆయన అన్న మాట ఇది:

చతుర్దశే హి సంపూర్ణే వర్షేఽహని రఘూత్తమ
న ద్రక్ష్యామి యది త్వాం తు ప్రవేక్ష్యామి హుతాశనమ్

పద్నాలుగేళ్ళు నిండిన ఆ రోజున నువ్వు కనపడకపోతే అగ్నిలో దూకుతాను అన్నాడు. పెట్టిన గడువు అది. ఒక్కరోజు అటూ ఇటూ అయితే తమ్ముడు మిగలడు. రాముడు సరిగ్గా పద్నాలుగేళ్ళు నిండిన పంచమినాడు భరద్వాజాశ్రమం చేరి, అక్కడి నుంచి హనుమంతుణ్ణి భరతుడి దగ్గరికి ముందుగా పంపాడు. అంత గడువు తలమీద ఉన్నవాడు బండ మీద బొమ్మ వేశాడంటే వేలు మిగలడంలో వింతేముంది? పూర్తికాని ఆ స్వామికే మనం వడమాలలు వేస్తున్నాం, ఆకుపూజ చేయిస్తున్నాం. 'అంతా కుదిరాక, బాగా చేయగలిగినప్పుడే చేద్దాం' అని ఏళ్ళ తరబడి పనిని ముట్టుకోనివాళ్ళను చూసినప్పుడల్లా నాకు గండి గుర్తొస్తుంది.

ఇక సుగ్రీవుడి సంగతి. వాయిదాల గురించి రామాయణంలో ఇంతకంటే పెద్ద పాఠం లేదు. వాలి చనిపోయి సుగ్రీవుడి పట్టాభిషేకం జరగబోయేటప్పటికి వానాకాలం మొదలైంది. అప్పుడు రాముడే అంటాడు, ఇది శ్రావణం, నీళ్ళు వచ్చే నాలుగు నెలల్లో మొదటిది, ఇది ప్రయత్నాలు చేసే కాలం కాదు, నువ్వు నగరంలోకి పో, కార్తికం రాగానే రావణుడి పని చూడు అని. తాను మాత్రం ప్రస్రవణగిరి గుహలో ఉండిపోతాడు. అంటే మనం గండికి పోయే ఈ శ్రావణమే రాముడు ఆగిన నెల. భార్య ఎక్కడుందో తెలియదు, బతికుందో లేదో తెలియదు. అయినా ఆగాడు.

అందుకే రాముడు చేసిందీ సుగ్రీవుడు చేసిందీ ఒకటి కాదంటాను. ఇద్దరూ నాలుగు నెలలు కూర్చున్నారు. ఒకాయనకు కార్తికం అని ఒక తేదీ ఉంది, మబ్బు విడిపోయే రోజు కోసం కళ్ళు పెట్టుకుని ఉన్నాడు. రెండో ఆయనకు తేదీ గుర్తే లేదు. వేరుశనగ విత్తనాలు సిద్ధం చేసుకుని వాన కోసం చూసే రైతు ఉత్తినే కూర్చున్నాడని ఎవరూ అనరు కదా. వాన పడ్డాక పదును ఆరిపోతున్నా ఇల్లు కదలకపోతే అంటారు.

సుగ్రీవుడు సోమరి కూడా కాదు. అన్న భయంతో ఋశ్యమూకం మీద ఏళ్ళు గడిపిన మనిషి. ఒక్కసారిగా రాజ్యం, భార్య, తాగుడు, పాటలు అన్నీ దొరికాయి. కష్టం తీరిన సుఖంలో మాట మరుపుకొచ్చింది. మనలో చాలామందికి జరిగేది ఇదే. పోటీ పరీక్ష రాసి ఉద్యోగం వచ్చాక, అప్పు తీరాక, బిడ్డ పెళ్ళి అయ్యాక, 'కొన్నాళ్ళు ఊపిరి పీల్చుకుందాం' అనుకున్న ఆ కొన్నాళ్ళు ఎక్కడ ముగుస్తాయో తెలియదు.

శరత్తు రాగానే హనుమంతుడు మెల్లగా గుర్తుచేస్తాడు. సుగ్రీవుడు వింటాడు, నీలుణ్ణి పిలిచి పదిహేను రోజుల్లో వానరులంతా రావాలని ఆజ్ఞ ఇస్తాడు, మళ్ళీ లోపలికి పోతాడు. ఆజ్ఞ ఇవ్వడంతోనే పని అయిపోయినట్టు అనిపించడం కూడా ఒక రోగమే. కొత్త డైరీ కొన్నరోజు, జిమ్ ఫీజు కట్టినరోజు మనకు కలిగే తృప్తి అదే. అప్పుడు లక్ష్మణుడు వస్తాడు. రాముడు చెప్పి పంపిన మాట విని కిష్కింధ వణికింది:

న స సంకుచితః పంథా యేన వాలీ హతో గతః
సమయే తిష్ఠ సుగ్రీవ మా వాలిపథమన్వగాః

వాలి పోయిన దారి ఇంకా మూసుకుపోలేదు సుగ్రీవా, మాట మీద నిలబడు, ఆ దారి పట్టకు.

ఇక్కడ వాల్మీకి ఒక చిన్న సంగతి రాశాడు. లక్ష్మణుడు చల్లబడ్డాక సుగ్రీవుడు మెడలో ఉన్న రంగురంగుల పూలమాలను తానే తెంపేశాడు, మత్తు దిగిపోయింది అని. ఆయన 'ఇకనుంచి మారతాను' అని ప్రసంగాలు చేయలేదు. చేతికి అందిన మాల తెంచి, పల్లకి ఎక్కి, రాముడి దగ్గరికి పోయి కాళ్ళ మీద పడ్డాడు. రాముడు లేపి కౌగిలించుకున్నాడు. తిట్టలేదు గానీ ఒక్క మాట అన్నాడు: ధర్మాన్ని, అర్థాన్ని వదిలేసి సుఖంలోనే ఉన్నవాడు చెట్టుకొమ్మ చివర నిద్రపోయి కిందపడ్డాక మేలుకుంటాడు అని.

మా చిన్నాయన కథ కూడా ఇలాంటిదే, అందులో పూలమాలలు, పల్లకీలు లేవంతే. అబ్బ, అంటే మా తాత, పోయాక పొలం పాసుపుస్తకంలో పేరు మార్పించుకోవాలి. కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి క్యాలెండర్ మేకుకే తగిలించాడు. క్యాలెండర్లు మారాయి, కవర్ అక్కడే ఉంది. ఎప్పుడడిగినా "వచ్చే సోమవారం పోదాంలే" అనేవాడు. పొద్దున్నే లేచి బోరు దగ్గరికి, నిమ్మతోటకు పరుగెత్తే మనిషిని సోమరి అని ఎవరంటారు? అసలు సంగతి నాకు తర్వాత అర్థమైంది. పాత కాగితాల్లో అబ్బ పేరు ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంది. పోతే ఏమంటారో, అన్నదమ్ముల సంతకాలు అడిగితే పాత గొడవలు లేస్తాయేమో అని టెన్షన్. కవర్ వంక చూస్తే ఆ టెన్షన్, చూడకపోతే హాయి. వాయిదా వేసేది పనిని కాదనుకుంటా, ఆ గుబులును.

చివరికి మొక్కుకున్నాడు. ఈ పని అయితే గండికి వచ్చి తలనీలాలు ఇస్తానని. మా జేజి, అంటే నానమ్మ, ఊరుకుంటుందా? "ఒరేయ్, ఆయప్ప దగ్గరికి నువ్వు వచ్చే ఏడు పోయినా ఏమనడు. ముందు ఆ కాయితాలు తీస్కపోయి ఇచ్చి రా" అంది. అప్పుడు మళ్ళీ మొదలు. ఆషాఢం వద్దన్నాడు, అమావాస్య పోనీ అన్నాడు, మంగళవారం కొత్త పని పెట్టుకోకూడదన్నాడు, బుధవారం పోదామంటే పొద్దున యమగండం అన్నాడు.

ఇది కాస్త గట్టిగానే చెప్పాలి. పెళ్ళికి, గృహప్రవేశానికి, ఉపనయనానికి ముహూర్తం చూడమన్నారు, చూడాల్సిందే. అర్జీ ఇవ్వడానికి, రక్తపరీక్షకు, ఆగిపోయిన చదువు మళ్ళీ పట్టడానికి పంచాంగం చూడటం భక్తి అనిపించుకోదు. భయానికి బొట్టు పెట్టి దేవుడి పటం పక్కన కూర్చోబెట్టడం అది. మహాభారతం శాంతిపర్వంలో ఒక కొడుకు తండ్రికే చెప్తాడు, రేపటి పని ఈరోజే, సాయంత్రం పని మధ్యాహ్నంలోపే చెయ్యి, వీడి పని అయిందా కాలేదా అని మృత్యువు ఆగి చూడదు అని. గండి బంగారు తోరణం పుణ్యాత్ములకు, అదీ చివరి రోజుల్లోనే కనిపిస్తుందని ఇక్కడి నమ్మకం. ఒకప్పుడు దత్తమండలాలకు, అంటే మన రాయలసీమ వైపుకు, కలెక్టరుగా ఉండి తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రోకు అది కనపడిందని చెప్పుకుంటారు. ఆయన 1827 జులైలో పత్తికొండలో కలరాతో పోయాడు. తోరణం నిజమా కాదా అన్నది పక్కన పెడితే, చివరి రోజులొచ్చాయన్న కబురు మనకు వేళకు అందదన్నది మాత్రం నిజం.

గడువు దాటిపోయినవాళ్ళ గోడు వేరు. వాళ్ళ కోసం కిష్కింధకాండలో అంగదుడున్నాడు. సీతను వెతకడానికి సుగ్రీవుడు ఇచ్చిన గడువు ఒక నెల. దక్షిణానికి పోయిన జట్టు స్వయంప్రభ అనే తపస్విని ఉండే గుహలో చిక్కుకుని బయటపడేసరికి నెల దాటింది. తారుడనే వానరుడు ఒక సలహా ఇస్తాడు, మళ్ళీ ఆ గుహలోకే పోదాం, తిండికీ నీళ్ళకూ లోటు లేదు, ఎవరూ ఏమీ చేయలేరు అని. లేటయిందని ఆఫీసు నుంచి వచ్చే ఫోన్ ఎత్తకుండా సైలెంట్‌లో పెట్టి దుప్పటి కప్పుకునేవాళ్ళకు ఈ గుహ బాగా తెలుసు. అంగదుడు ఇంకా దూరం పోయాడు, ఏ మొహంతో వెనక్కి పోతాం, ఇక్కడే ప్రాణాలు వదులుదాం అని దర్భలు పరిచి కూర్చున్నాడు. నిరుత్సాహం వద్దు, నేర్పు, ఓటమి ఒప్పుకోని మనసు ఉంటేనే కార్యం సిద్ధిస్తుంది అని కొన్నాళ్ళ ముందు తనవాళ్ళకు చెప్పింది కూడా ఈ అంగదుడే. నోటికొచ్చిన నీతి అవసరానికి గుర్తురాలేదు. మనకు మాత్రం వస్తుందా?

అయితే చావుకు కూర్చున్నా వాళ్ళు మాటలు ఆపలేదు. వనవాసం నుంచి జటాయువు చావు దాకా తమ కథంతా పైకి చెప్పుకుని ఏడ్చారు. ఆ మాటల్లో తమ్ముడి పేరు విని జటాయువు అన్న సంపాతి పలికాడు. సీత లంకలో ఉందన్న జాడ దొరికింది అప్పుడే. గుహలోకి పోయి దాక్కుని ఉంటే సంపాతి వినేవాడే కాదు. పని ఆగిపోయిందని ఇంట్లోవాళ్ళకో, స్నేహితుడికో, పై అధికారికో నోరు తెరిచి చెప్పడం చాలా బరువనిపిస్తుంది. సగం దారి దొరికేది అక్కడే.

చిన్నాయన కూడా జేజి పోరు పడలేక నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయాడు. ఆరోజు పని కాలేదు. కవర్లో కాగితాలన్నీ విప్పి చూసి, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలి, ఫలానా చోట అర్జీ పెట్టండి అన్నారు. బయటికొచ్చి టీ తాగుతూ "ఇంతేనా?" అన్నాడు. అంతే కాదని తర్వాత తెలిసింది, ఇంకా మూడు నాలుగు తిరుగుళ్ళు పట్టాయి. కానీ ఆ కవర్ మళ్ళీ మేకెక్కలేదు.

పూజకు ముందు చెప్పే సంకల్పాన్ని మనం గబగబా దాటేస్తాం గానీ, పనికి మనసు పట్టనివాళ్ళకు నేను చూపించేది దాన్నే. సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం చెప్తాం. ఏ దేశంలో, శ్రీశైలానికి ఏ దిక్కున, ఏ నదుల మధ్య కూర్చున్నామో చెప్తాం. గోత్రం, పేరు చెప్తాం. ఇదంతా అయ్యాక 'కరిష్యే' అని చేతిలో నీళ్ళు వదులుతాం. 'ఎప్పుడైనా తీరిక దొరికితే పూజ చేస్తాను' అన్న సంకల్పం ఏ పురోహితుడూ చెప్పించడు. ఆగిపోయిన పనికి కూడా ఇంత చేస్తే చాలు, ఎవరు, ఎక్కడ, ఏ రోజు, ఏ వేళకు, ఏ ముక్క చేస్తారో ఒక కాగితం మీద రాసి దేవుడి దగ్గర పెట్టండి. పని మొత్తం రాయొద్దు, చిటికెన వేలు మిగిలినా ఫర్వాలేదు.

ఉత్సాహం వచ్చాక మొదలుపెడదాం అనేవాళ్ళు సుందరకాండ మొదటి సర్గ ఒకసారి చూడండి. సముద్రం మీద మైనాకుడనే పర్వతం లేచి విశ్రాంతి తీసుకోమంటే హనుమంతుడు అంటాడు:

త్వరతే కార్యకాలో మే అహశ్చాప్యతివర్తతే
ప్రతిజ్ఞా చ మయా దత్తా న స్థాతవ్యమిహాంతరా

పని వేళ తొందర పెడుతోంది, పొద్దు గడిచిపోతోంది, మధ్యలో ఆగనని మాటిచ్చాను అని. మైనాకుణ్ణి చేత్తో తాకి, మర్యాద చేసి ముందుకు పోయాడు. ఆ హనుమంతుడే లంకంతా వెతికి సీత కనపడక దిగాలుపడ్డాడు కూడా. అప్పుడు తనకు తానే 'అనిర్వేదః శ్రియో మూలమ్', దిగులుపడకపోవడమే సిరికి మూలం, అని చెప్పుకుని, చూడని చోట్లు మళ్ళీ వెతకడం మొదలుపెట్టాడు. ఉత్సాహం లేని గంట ఆయనకూ వచ్చింది, వెతుకుతూనే దాన్ని దాటాడు.

పోయిన శనివారం గండిలో రద్దీ బాగా ఉంది. వచ్చేవాళ్ళు తెల్లవారేలోపే వేంపల్లెలో దిగితే మేలు. చిన్నాయన అర్చన చేయించుకుని, ప్రసాదం చేతిలో పెట్టుకుని బయటికొచ్చాడు. ఏం మొక్కుకున్నావని అడిగితే, "మొక్కేముంది, వీఆర్వో మంగళవారం రమ్మన్నాడు. పదికల్లా పోతేనే దొరుకుతాడంట, ఆ తర్వాత ఉండడంట" అన్నాడు.