యమహానా, కవాసకీనా? దూరాల బండి ఎంచుకున్న వైనం

స్పోర్ట్ టూరర్, అంటే దూర ప్రయాణాలకి పనికొచ్చే వేగమైన పెద్ద బైకు, కొనాలనుకున్నాక వడపోతలో చివరికి రెండే మిగిలాయి. ఒకటి యమహా ఎఫ్‌జేఆర్1300, రెండోది కవాసకీ 1400జీటీఆర్. ఈ రెండోదాన్నే కొన్ని దేశాల్లో కాంకోర్స్ 14 అంటారు. రెండూ సెకండ్ హ్యాండ్‌లోనే చూశాను. రెండిటికీ నాలుగు సిలిండర్ల పెద్ద ఇంజన్, చైన్ బదులు వెనక చక్రాన్ని తిప్పే షాఫ్ట్ (లోహపు కడ్డీ), బటన్ నొక్కితే లేచి దిగే విండ్‌స్క్రీన్, రెండు వైపులా తాళం పడే సైడ్ బాక్సులు ఉన్నాయి. కాగితం మీద కవల పిల్లల్లా కనిపిస్తాయి. చిక్కంతా అక్కడే వచ్చింది.

చైన్ బండ్లను మొదట్లోనే పక్కన పెట్టేశాను. దూరాలు తిరిగేటప్పుడు ఐదారు వందల కిలోమీటర్లకోసారి చైన్‌కి లూబ్ కొట్టాలి, వాన పడితే ఇంకా ముందే. షాఫ్ట్ బరువు ఎక్కువ, కొంత పవర్ కూడా తినేస్తుంది, నిజమే. అయినా రోజంతా నడిపి దిగాక మోకాళ్ల మీద కూర్చుని చైన్ తుడిచే ఓపిక నాకు లేదు. ఫైనల్ డ్రైవ్ (వెనక చక్రం దగ్గరి గేర్ల పెట్టె) ఆయిల్ వేళకి మార్చి, వెనక చక్రం విప్పినప్పుడల్లా స్ప్లైన్లకి (అక్కడ ఒకదాంట్లో ఒకటి ఇమిడే పళ్లకి) గ్రీజు పెడితే షాఫ్ట్ ఇంకేమీ అడగదు.

పవర్ గురించి చాలామంది గంటలకొద్దీ వాదిస్తారు. జీటీఆర్‌ది కవాసకీవాళ్ల స్పోర్ట్స్ బండి జడ్‌జడ్‌ఆర్1400 నుంచి వచ్చిన 1352 సీసీ ఇంజన్, వాల్వ్ టైమింగ్ (వాల్వులు తెరుచుకునే, మూసుకునే సమయం) ఇంజన్ వేగాన్ని బట్టి మారుతుంది, దాదాపు 155 హార్స్ పవర్. ఎఫ్‌జేఆర్‌ది 1298 సీసీ, దాదాపు 145. చట్టం ఒప్పుకునే వేగంలో ఈ రెండిటిలో సగం కూడా వాడుకోం. కాబట్టి ఆ పది గుర్రాల కోసం నేను బుర్ర పాడుచేసుకోలేదు.

గేర్ల సంగతి వేరు. జీటీఆర్‌లో ఆరో గేరు ఓవర్‌డ్రైవ్ లాంటిది. హైవే మీద అందులో వేస్తే ఇంజన్ తాపీగా తిరుగుతుంది. ఎఫ్‌జేఆర్‌కి 2016 దాకా ఐదు గేర్లే. టార్క్ (లాగే శక్తి) బాగా ఉన్న ఇంజన్ కాబట్టి ఇబ్బంది ఉండదు కానీ, గంటల తరబడి ఒకే వేగంలో పోతుంటే లేని ఆరో గేరు కోసం ఎడమ కాలు వెతుకుతూ ఉంటుంది. 2016 మోడల్‌తో ఆరో గేరు, దాంతోపాటు స్లిప్పర్ క్లచ్ (గేరు ఒక్కసారిగా దించినా వెనక చక్రం పట్టేయకుండా చూసేది) వచ్చాయి. అది తెలిశాక ఎఫ్‌జేఆర్ అయితే ఆ ఏడాదిది లేదా ఆ తరవాతిదే చూడాలని ఖాయం చేసుకున్నాను.

టెస్ట్ రైడ్ ఎలా చేశానో కొంచెం వివరంగా చెప్తాను, నాకు తేడాలు అక్కడే తెలిశాయి కాబట్టి. షోరూమ్ చుట్టూ ఒక రౌండ్ కొట్టి వస్తే ఇలాంటి బండి గురించి ఏమీ తెలియదు. రెండిటినీ అదే రోడ్డు మీద, అదే హెల్మెట్‌తో, అదే వేగంలో నడిపాను. విండ్‌స్క్రీన్‌ని మొదట పూర్తిగా దించి, తరవాత సగం లేపి, ఆఖర్న పూర్తిగా లేపి చూశాను. ఎంత పైకి ఉంటే అంత హాయి అనుకుంటారు చాలామంది. అలా ఏమీ ఉండదు. స్క్రీన్ పైకి లేచిన కొద్దీ దాని వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది, దాంతో వీపు మీద నుంచి ఎవరో ముందుకి నెడుతున్నట్టు ఉంటుంది. స్క్రీన్ అంచు మీదుగా వచ్చే గాలి సుడులు సరిగ్గా హెల్మెట్ దగ్గరకి చేరితే తల అదిరిపోతుంది. కొంచెం దించితే ఛాతీకి గాలి తగిలి మణికట్ల మీద బరువు తగ్గుతుంది. నా ఎత్తుకి రెండు బండ్లలోనూ సగం దగ్గరే బాగుంది. మీ ఎత్తుకి లెక్క మారొచ్చు.

కూర్చునే తీరులో తేడా కాసేపటికే తెలిసింది. ఎఫ్‌జేఆర్ మీద నడుము కాస్త నిటారుగా ఉంటుంది. హ్యాండిల్‌ని మూడు స్థానాల్లో, సీటుని 805 లేదా 825 మిల్లీమీటర్ల ఎత్తులో పెట్టుకోవచ్చు. జీటీఆర్ మీద కొంచెం ముందుకి వాలతాం, అందుకే మలుపుల్లో అది స్పోర్ట్స్ బండిలా అనిపించింది. నాకు ఆ బండి మీదే మనసు పోయిందని ఒప్పుకుంటాను. అయితే వెనక టైరు 190/50 సైజు (వెడల్పు 190 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 50 శాతం) కావడంతో వంచేటప్పుడు కాస్త మొరాయించినట్టు ఉంటుంది. చాలామంది 190/55 వేయించుకుంటారు. ఎఫ్‌జేఆర్‌కి 180/55. ఇక బరువు అంటారా, ఎఫ్‌జేఆర్ దాదాపు 290 కిలోలు, జీటీఆర్ 300 దాటుతుంది. కదిలాక రెండూ తేలికే. కంకర ఉన్న వాలులో రివర్స్ తోయాల్సి వస్తే మాత్రం రెండూ ఒకటే శిక్ష.

ఇంత పెద్ద ఇంజన్‌కి ఫెయిరింగ్ (చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు) తొడిగితే కాళ్లకి వేడి తగలకుండా ఉండదు. నిదానంగా పోయే ట్రాఫిక్‌లో రెండిటి మీదా తెలిసింది. ఆ విషయంలో ఎవరికీ ఎక్కువ మార్కులు వేయలేదు.

తరవాత మా ఆవిడని వెనక కూర్చోబెట్టి రెండూ నడిపాను. దిగగానే "నాకు ఆ రెండోదే బాగుందండీ, ఇందులో మోకాళ్లు లాగుతున్నాయి, సీటు కూడా గట్టిగా ఉంది" అంది. ఆ రెండోది జీటీఆర్. మనసు జీటీఆర్ మీద ఉన్నా, అప్పటిదాకా లెక్కల్లో ఎఫ్‌జేఆర్ వైపు ఒరుగుతున్న తక్కెడ మళ్లీ మొదటికొచ్చింది.

అప్పుడు కాగితం తీసి తేడాలను రెండు రకాలుగా విడగొట్టాను. కొన్నాక మార్చుకోగలిగినవి ఒక వైపు, ఎప్పటికీ మారనివి ఇంకో వైపు రాశాను. సీటుకి ఫోమ్ మార్పించొచ్చు. విండ్‌స్క్రీన్ వేరేది పెట్టుకోవచ్చు. టైర్లు మన ఇష్టం. జీటీఆర్‌లో టైరు గాలి ఒత్తిడి మీటర్‌లోనే కనిపిస్తుంది, చాలా మంచి సదుపాయం. కానీ వాల్వ్ మూతల స్థానంలో బిగించే సెన్సర్లు ఏ బండికైనా దొరుకుతాయి. పైగా చక్రం లోపల ఉండే సెన్సర్ బ్యాటరీ ఏదో ఒక రోజు అయిపోతుంది, అప్పుడు టైరు విప్పాల్సిందే.

మారని వైపు చూస్తే ట్యాంకు ఉంది. ఎఫ్‌జేఆర్‌లో 25 లీటర్లు, జీటీఆర్‌లో 22. లీటరుకి 16 కిలోమీటర్లు అనుకుంటే 400కీ 352కీ మధ్య తేడా. అంతసేపు దిగకుండా ఎవరు కూర్చుంటారు అనొచ్చు. రాత్రిపూట బంకులు మూసేసిన దారిలో ఆ 48 కిలోమీటర్ల విలువ తెలుస్తుంది. అంతకంటే పెద్దది క్రూయిజ్ కంట్రోల్, అంటే యాక్సిలరేటర్ తిప్పి పట్టుకోకపోయినా వేగాన్ని అలాగే ఉంచేది. 2013లో ఎఫ్‌జేఆర్‌కి ఎలక్ట్రానిక్ థ్రాటిల్ (కేబుల్ బదులు ఎలక్ట్రానిక్స్‌తో పనిచేసే యాక్సిలరేటర్) రావడంతో కంపెనీవాళ్లే క్రూయిజ్ ఇచ్చారు. జీటీఆర్‌ది కేబుల్ థ్రాటిల్. బయట కొన్న పరికరం బిగించుకోవచ్చు గానీ, అది కంపెనీ ఇచ్చినంత కుదురుగా ఉంటుందని నాకు నమ్మకం లేదు. కుడి మణికట్టు తిమ్మిరెక్కితే ఎంత మంచి బండి అయినా నరకమే. వాల్వ్ క్లియరెన్స్ (ఇంజన్ వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నటి ఖాళీ) చూడడం కూడా ఇక్కడే రాశాను. నాకు దొరికిన మాన్యువళ్ల ప్రకారం ఎఫ్‌జేఆర్‌కి దాదాపు 40 వేల కిలోమీటర్లకి, జీటీఆర్‌కి 24 వేలకి. ఫెయిరింగ్ అంతా విప్పి చేసే పని కాబట్టి లేబర్ బిల్లు గట్టిగానే ఉంటుంది.

జీటీఆర్ గొప్పలు చాలావరకు మార్చుకోగలిగిన వైపు పడ్డాయి, ఎఫ్‌జేఆర్‌వి మారని వైపు. కాగితం చూపిస్తే మా ఆవిడ "సీటు మాత్రం ముందే మార్పించాలి" అని షరతు పెట్టి ఒప్పుకుంది.

ఎఫ్‌జేఆర్ వెతకడంలోనే ఎక్కువ టైమ్ పట్టింది. మొదట చూసినదానికి సర్వీస్ రికార్డులు లేవు. నేను వెళ్లేసరికి ఇంజన్ వేడిగా ఉంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే వచ్చే శబ్దం వినాలని ముందే చెప్పి పెట్టినా అలా వేడెక్కించి ఉంచారంటే అనుమానించాల్సిందే. మర్యాదగా వచ్చేశాను. తరవాతి దానికి పుస్తకంలో అన్ని ఎంట్రీలూ ఉన్నాయి. సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం లేపి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పాను, ఎక్కడా పట్టేయలేదు. ఫోర్క్ (ముందు చక్రం సస్పెన్షన్) సీళ్ల దగ్గర ఆయిల్ మరక లేదు. టైర్ల గాడులు అరగకుండా బాగానే కనిపించాయి కానీ, పక్కన ఉండే నాలుగంకెల కోడ్ చదివితే పాతవని తేలింది. మొదటి రెండంకెలు వారం, చివరి రెండు ఏడాది, అంటే 2316 అని ఉంటే 2016లో 23వ వారం. ఆ టైర్ల ఖర్చు చూపించి ధర తగ్గించమన్నాను. ఆయన ఒప్పుకున్నాడు.

ముందుగా కొత్త టైర్లు, బ్రేక్ ఫ్లూయిడ్, ఫైనల్ డ్రైవ్ ఆయిల్ మార్పించాను. సీటుకి కొత్త ఫోమ్ వేసి, వెనక వైపు కొంచెం వెడల్పు చేయించాం. ఇప్పుడు సీటు గురించి ఫిర్యాదు లేదు. వెనక నుంచి భుజం తట్టి అరవాల్సి వస్తోందని ఇంటర్‌కమ్ కావాలంటోంది.